సైకో టెస్టులో నాది డబల్ లైన్!

మిత్రులారా, ఈ రోజు మా అమ్మాయి వాణి నాకు సైకో టెస్టు పెట్టింది! అప్పటి నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు.

వాణి ఇక్కడే బిలాస్‌పూర్‌లో సైకాలజీ చదువుతోంది. ప్రాజెక్టు కోసమని ఒక కాగితం ఇచ్చింది. ధైర్యం, పట్టుదల, జాలి, మెత్తదనం... ఒక్కొక్క గుణం నాలో ఎంత ఉందో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయాలి. రైల్వేలో సైకో టెస్టు పోతే డ్రైవర్లని ఇంజను ఎక్కనివ్వరు. లోకో షెడ్‌లో ఫిట్టరుగా రిటైరైన నాకు ఆ భయం తెలుసు. తను అంకెలు కూడుతున్నంతసేపూ గదికీ వరండాకీ తిరుగుతూనే ఉన్నాను.

"ఏటమ్మా, ఫెయిలా?"

"ఇందులో ఫెయిలేటి నాన్నా! మగాళ్ళవని లోకం అనుకునే గుణాలు ఒక వైపు, ఆడాళ్ళవనుకునేవి ఇంకో వైపు. నీకు రెండు వైపులా ఎక్కువే వచ్చాయి."

"అచ్ఛా! అయితే నాది డబల్ లైనన్నమాట!"

"అవును గానీ, మెత్తదనానికి ఏడేటి? చిన్నప్పుడు నా జడ ఎంత బిగించీవోడివి! కళ్ళు పైకెళ్ళిపోయీవి."

వాళ్ళమ్మ పోయేనాటికి వాణికి నాలుగేళ్ళు. షెడ్‌లో నట్లు బిగించే చేతులతోనే జడ వేసి బడికి పంపేవాణ్ణి. అమ్మ చేసేదాంట్లో సగమైనా చేశానా అని ఇన్నేళ్ళూ లోపల ఒకటే గుబులు. ఈ రోజు జవాబు కాగితం మీద కనబడింది.

ఏడుని ఆరు చేశాను. వాణి నవ్వి, దువ్వెన నా చేతిలో పెట్టి ముందు కూర్చుంది. ఈసారి వదులుగా వేశాను. తను కాలేజీకి బయలుదేరి గేటు దాటేలోపే ఊడిపోయింది!

జడ వేసే నాన్నలెవరైనా ఉంటే చెప్పండి, అసలు ఎంత బిగించాలి?