శాంతయ్య చెయ్యి అబద్ధమాడలేదు

మా ఆయన శాంతయ్య సన్నాయి వాయించేవాడు. జగ్గయ్యపేట, నందిగామ వైపు పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళవాళ్ళకు ఆయన గుర్తుండే ఉంటాడు. కొందరికి ఆయన సన్నాయి గుర్తు. కొందరికి నందిగామలో చెడిన ఆ ఒక్క పెళ్ళిమేళం గుర్తు. ఈ రెండో రకం వాళ్ళు చదవాలనే ఇది రాస్తున్నాను.

మామగారు పోయాక మేళానికి పెద్ద మా బావగారు వెంకటరత్నం. డోలు ఆయనది, సన్నాయి మా ఆయనది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో అన్నదమ్ములిద్దరూ గడ్డాలు గీసేవాళ్ళు, క్రాపులు చేసేవాళ్ళు. కత్తీ మేళమూ రెండూ మా కులవృత్తే. మా ఆయనకు ప్రాణం మాత్రం సన్నాయి మీదే. తెల్లవారకముందే పాలేటి గట్టుకు పోయి సాధన చేసేవాడు. ఒక్క సంగతి పట్టుబడకపోతే దాన్నే తిప్పితిప్పి వాయించేవాడు. అది పలికేదాకా అన్నానికి వచ్చేవాడు కాదు.

డెబ్బై ఎనిమిది ప్రాంతంలో ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళు తిరగబడ్డాయి. సన్నాయి మీద పెట్టగానే లోపలికి ముడుచుకుపోయేవి. నొప్పి లేదు, వాపు లేదు. సన్నాయి పక్కన పెడితే వేళ్ళు మామూలే. అన్నం కలిపేవాడు, చేదతో నీళ్ళు తోడేవాడు. మనిషి గొంతు మీద కత్తి ఆడించినా గాటు పడేది కాదు.

అదే ఆయన చేసిన నేరమైపోయింది. చిల్లకల్లులో హైరోడ్డు మీద, లారీలు ఆగే చోట కటింగు షాపు పెట్టుకుందామని ఆయనకు ఆశ ఉండేది. ఆ సంగతి బావగారికి తెలుసు.

"కత్తి పట్టిన చెయ్యి వణకదు, సన్నాయి పడితే ముడుచుకుంటదా? ఎవరికి చెప్తావురా ఈ కతలు? షాపు కావాలంటే కావాలని చెప్పు. మేళాన్ని ఇట్టా చంపమాక" అన్నారు బావగారు, మేళం వాళ్ళందరి ముందూ.

"నేను ముడవట్లా అన్నయ్యా. అదే పోతంది."

"అదే పోద్ది! నీ చిటికెనవేలికి వేరే మెదడుందిరా!"

అందరూ పగలబడి నవ్వారు. నవ్విన ప్రతి మొహం నాకు గుర్తుంది.

తర్వాత నందిగామ పెళ్ళి. తాళి కట్టేటప్పుడు పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం మోగాలి. తుమ్మూ, చెడ్డమాటా ఏదీ పెళ్ళిపీటల దాకా వినపడకుండా మేళమే కప్పెయ్యాలి. సరిగ్గా ఆ క్షణాన మా ఆయన వేళ్ళు ముడుచుకున్నాయి. సన్నాయి కీచుమని ఆగిపోయింది. డోలు ఒంటరిగా మోగుతుంటే జనంలో ఎవరో తుమ్మారు.

"శుభమా అని తాళి కడతంటే నా కూతురికి అపశకునం చేస్తావా? ఏం తాగొచ్చావురా?" అని పెళ్ళికూతురి తండ్రి పందిట్లోనే మా ఆయన జుట్టు పట్టుకున్నాడు. తాగుడు వాసన కూడా ఎరగని మనిషిని! పక్కనే ఉన్న బావగారు నా తమ్ముడు అలాంటివాడు కాదని ఒక్కమాట అనలేదు.

మర్నాడు పొద్దున్నే బావగారు వాతలు పెట్టే ఆదెమ్మను మా వాకిట్లోకి తీసుకొచ్చారు. నేను అడ్డం వెళ్ళాను.

"నువ్వుండు అమ్మాయ్. జబ్బయితే వాతకి పోద్ది. దొంగాటయితే వాతకి దిగొస్తాడు. ఎట్టయినా మంచిదేగా" అన్నారు బావగారు.

దీన్ని తెలివి అనుకున్నారు అందరూ! జబ్బు పోకపోతే ఏమిటన్నది ఎవరికీ తోచలేదు. ఆదెమ్మ పసుపుకొమ్ము ఎర్రగా కాల్చింది. బావగారు తమ్ముడి చెయ్యి అదిమి పట్టుకున్నారు. మా ఆయన నావైపు చూసి "పెట్టనీవే, తగ్గుద్దేమో" అన్నాడు. మణికట్టు మీద మూడు చోట్ల పెట్టింది. పుండ్లు చీము పట్టాయి. అవి మానేసరికి చర్మం లాక్కుపోయి, మణికట్టు తిరగడం మానేసింది. వేళ్ళ జబ్బు వేళ్ళకు ఉండనే ఉంది, కత్తి ఆడే చేతిని కూడా పాడుచేశారు. చిల్లకల్లు షాపు అక్కడితో సరి. "ఇప్పుడేవంటాడు? కత్తి కూడా పట్టలేనంటన్నాడు, ఎంత పట్టుదలో చూడు" అని నవ్వుకున్నారు.

ఆ తర్వాత బావగారు దయతలచి ఆయనకు శ్రుతిపెట్టె ఇచ్చారు. సన్నాయికి కొత్తవాణ్ణి పెట్టి, మా ఆయన్ను వాడి వెనక కూర్చోబెట్టారు.

ఎనభై నాలుగులో ఒక పెళ్ళికి వరప్రసాదరావనే డాక్టరు వచ్చాడు. ఊరు మనవైపే, హైదరాబాదులో ఉద్యోగం. మెదడు కండరాలను ఎలా ఆడిస్తుందో పరిశోధన చేస్తున్నాడట. శ్రుతిపెట్టె వెనక ఉన్న మనిషి వేళ్ళు సన్నాయి పాటకు కొద్దికొద్దిగా కదలడం చూసి, ఏమిటని అడిగాడు. విని, నవ్వలేదు. రమ్మన్నాడు. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం.

మోచేతి కింద కండల్లోకి సన్నని సూదులు గుచ్చి, తీగలు మిషనుకు తగిలించాడు. కండ బిగిసినప్పుడల్లా మిషను పోపులో ఆవాల్లా చిటపటలాడుతుంది. దువ్వెన పట్టుకోమన్నాడు. ముడిచే కండ చిటపటలాడింది, చాచే కండ దాదాపు ఊరుకుంది. సన్నాయి పట్టుకోమన్నాడు. రెండూ ఒక్కసారి భగ్గుమన్నాయి.

"ఒక కండ లాగితే ఎదుటిది వదలాలమ్మా. ఈయన సన్నాయి పడితే రెండూ లాగుతున్నాయి. లోపం వేళ్ళలో లేదు. మెదడు నుంచి వచ్చే ఆజ్ఞే అలా తప్పుతోంది" అన్నాడు డాక్టరు.

"కావాలని చేస్తే ఇట్టా రాదా బాబూ?" అని అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

డాక్టరు మిషను ఆపాడు. "మిషను ఒక్కదాన్నే చూసి చెప్పలేను. కానీ పెన్ను పడితేనే చెయ్యి ముడుచుకునే గుమస్తాను చూశాను. వీణ మీదే వేళ్ళు రాని ఆవిణ్ణి చూశాను. అందరూ ఏళ్ళ తరబడి ఒకే సన్నపనిని సాధన చేసినవాళ్ళే. ఒకరినొకరు ఎరగని ఇంతమంది ఒకే అబద్ధం ఒకేలా ఎలా ఆడతారు? ఈయన నటించట్లేదమ్మా."

"మందుందా?"

"ఇవాళ్టికి నా దగ్గర లేదు. ఉందంటే అబద్ధమవుద్ది." అప్పుడే మణికట్టు చూశాడు. "ఇదేంటి?"

"చిన్నప్పుడు పొయ్యిలో పడ్డానండి" అన్నాడు మా ఆయన. అక్కడ కూడా అన్నను కాపాడుకున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని, "విన్నావా, లోపల రెండు డోళ్ళు పోట్లాడుకుంటన్నాయి. తాళం వెయ్యడానికి అన్నయ్యని తీసుకురావాల్సింది" అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

ఇంటికొచ్చి డాక్టరు మాట అంతా చెప్పాం. బావగారు చుట్ట ఆర్పకుండానే విన్నారు. "మందు లేని జబ్బుకి మిషనొకటా? సర్లే, అయిందేదో అయింది" అన్నారు.

అయిందేదో అయిందట! తన చేత్తో పట్టుకుని కాల్పించిన చెయ్యి ఎదురుగా ఉండగా.

మా ఆయన ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు. "అన్నయ్య మేళం వాళ్ళ ముందు 'నా తమ్ముడు దొంగాట ఆడలేదు' అని ఒక్కసారి అంటే చాలే" అనేవాడు నాతో. శ్రుతిపెట్టె వెనక కూర్చుని ఆ మాట కోసమే చూశాడు. ఎనభై ఏడులో పచ్చకామెర్లు వచ్చి, అది వినకుండానే పోయాడు.

మేళగాడు పోతే మేళంతో సాగనంపడం మాలో ఆనవాయితీ. బావగారు డోలు తగిలించుకుని, అందరినీ వెంటబెట్టుకొచ్చారు. నేను వాకిట్లో నిలబడ్డాను.

"బావగారూ, ఆ మాట అనండి. అని వాయించండి."

"ఇప్పుడా అమ్మాయ్? శవం ముందా?"

"మనిషి ముందు అనలేదుగా."

"మొగుడు పోయి మతి చెడింది, పాపం. పక్కకి తీసుకురండే" అంది ఎవరో ముసలావిడ.

"నాకు మతి బానే ఉంది పిన్నీ. ఆయన్ని అననీ."

బావగారు మేళం వాళ్ళ వంక చూశారు. డోలు పట్టీ సవరించుకున్నారు. "ఆడదాని చేత ఇన్ని మాటలు పడాలా? పదండ్రా" అని వెనక్కి తిరిగారు. డోలుతో పాటు సన్నాయీ వెళ్ళిపోయింది. మా ఆయన్ను చప్పుడు లేకుండా మోసుకెళ్ళారు.

సన్నాయి విద్వాంసుణ్ణి సన్నాయి లేకుండా పంపిన మహాతల్లినని ఈ ఊళ్ళో నన్ను ఇప్పటికీ అంటారు. అననివ్వండి. ఉత్త వాయింపుతో సరిపెట్టుకోమంటే నేను సరిపెట్టుకోను. బావగారు బతికే ఉన్నారు, మేళమూ నడుస్తోంది. ఆ మాట అనడానికి ఆయన దాటి రావలసింది రెండు వీధులే.