చాటెడు తవుడు

చిన్నప్పుడు నా ఛాతీలో ఒక రొద ఉండేది. చెవి దిండుకు ఆనిస్తే వినపడేది, అరచెయ్యి పెడితే తగిలేది. మూత బిగించిన డబ్బాలో తేనెటీగ తిరుగుతున్నట్టు, ఎప్పుడూ ఆగకుండా ఉండేది. అందరికీ లోపల ఇట్లాగే ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మా అవ్వ నా ఛాతీ మీద చెయ్యి వేసుకునే పడుకునేది. ఆ రొద చేతికి తగులుతుంటేనే ఆమెకు నిద్ర పట్టేది.

మాది బోధన్ పక్కన ఎడపల్లి. కొంత చెరుకు, కొంత వరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే నేను పుట్టాను. నాకంటే ముందు పుట్టినవాళ్లు నిలవలేదు. నేను పాలు తాగుతూ తాగుతూ ఆయాసంతో వదిలేస్తుంటే, ఇది కూడా నిలవదని ఊరంతా తేల్చేసింది. అప్పుడు అవ్వ మా వైపు తల్లులు చేసే పనే చేసింది. నన్ను చాటలో పెట్టి, పెంటకుప్ప మీద వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేసింది. పక్కింటి పెద్దమ్మ పోయి, "ఎవలో పిల్లను పారేసిండ్రు" అంటూ నన్ను ఎత్తుకుంది. తల్లే వద్దనుకున్న పిల్లను చావు మాత్రం ఏం చేసుకుంటుందని నమ్మకం.

ఎక్కడైనా తల్లి ఆ పూటే చాటెడు తవుడు ఇచ్చి తన పిల్లను తిరిగి కొనుక్కుంటుంది. మా అవ్వ కొనుక్కోలేదు. అంత తొందరపడితే చావుకు అనుమానం వస్తుందని ఆమె అనుమానం. "పానం గట్టివడ్డంక కొంట" అని పెద్దమ్మతో చెప్పిందట. అందుకని తిండీ నిద్రా మా ఇంట్లోనే అయినా, లెక్కకు నేను పెద్దమ్మ పిల్లను. నలుగురిలో అవ్వ నన్ను "నా బిడ్డ" అనేది కాదు. "మీ పిల్ల అన్నం తింటలేదు, సూడు" అని గోడ మీదుగా పెద్దమ్మకు ఫిర్యాదు చేసేది. నాకు అన్నం పెడుతున్నదేమో తనే. ఇట్లాంటి ఇంట్లో పెరిగితే ఎవరి మాటనైనా తిరగేసి చూసే బుద్ధి కాక ఇంకేం అబ్బుతుంది? నాకు అదే అబ్బింది.

బడికి పోయే దారిలో రెండుసార్లు కూర్చునేదాన్ని. చలికాలం వస్తే దగ్గు పట్టుకుని వదిలేది కాదు. తాయెత్తులు అయ్యాయి, దర్గాలో ఊదు పొగ అయింది. చివరికి మా బాపు నన్ను నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడి డాక్టర్ నా ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పక్క గదిలో ఉన్న ఇంకో డాక్టర్‌ను పిలిచి వినిపించాడు. ఆయన విని మరొకాయనను పిలిచాడు. అంత మంది పెద్దమనుషులు అంత ఇష్టంగా వింటుంటే నాకు ఒళ్లు మండింది.

"పుట్టంగనే మూసుకపోవాల్సిన నరం ఒకటి మూసుకపోలేదు. రక్తం పోవాల్సిన దిక్కు పోకుండ మళ్ల ఊపిరితిత్తులకే పోతుంది. పట్నంల ఆపరేషన్ చేసి ఆ నరాన్ని దారంతోని కట్టేస్తరు" అన్నాడు డాక్టర్.

"దారం కుళ్లదా సార్?" అని అడిగాడు బాపు. గోనె సంచులు కుట్టిన దారం వానకు ఎట్లా చివికిపోతుందో ఆయనకు తెలుసు. డాక్టర్ నవ్వాడు. నవ్వాడే గానీ జవాబు చెప్పలేదు. ఆ సంగతి నేను మనసులో పెట్టుకున్నాను.

పట్నంలో ఆపరేషన్ అయింది. అప్పటికి నాకు పదో పదకొండో ఏడు. మెలకువ వచ్చేసరికి ఎడమ డొక్కంతా నిప్పు. కొంచెం తెలివి రాగానే నేను చేసిన మొదటి పని, చెవి దిండుకు ఆనించడం. ఏమీ వినపడలేదు. పుట్టినప్పటి నుంచీ నాతో ఉన్నది లేదు. అవ్వను లోపలికి రానిచ్చినప్పుడు ఆమె కూడా ముందు చెయ్యే పెట్టింది. ఆమె ముఖం తెల్లబోయింది. చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. బయటికి పోయి బాపుతో, "సప్పుడు బందైందయ్యా" అంటుంటే తలుపు సందులోంచి నాకు వినపడింది. బంద్ కావడమే బాగుకావడం అని నర్సు ఎంతో ఓపికగా చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఊళ్లో మోటరు చప్పుడు ఆగిపోతే అది బాగైనట్టు ఎవరూ అనరు.

ఇంటికి వచ్చాక చూడటానికి వచ్చిన ఆడవాళ్లు నా కోతను చూసి ముక్కున వేలేసుకున్నారు. అది ఎడమ రెక్క కింద మొదలై వీపు మీదికి పోయింది. "గుండె ముందటుంటె వీపు కోసిండ్రేందే?" అంది ఒకామె. ఆ ప్రశ్నలో నాకు తప్పేమీ కనపడలేదు. పైగా ఆ కోత ఊరందరికీ కనపడుతుంది, నాకు కనపడదు. వేలు పెడితే దాని కొస మాత్రమే తగిలేది. నా ఒంటి మీది దాని గురించి ఇంకొకరు చెబితే వినాల్సి రావడం నాకు అసలు నచ్చలేదు.

ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. జడ అవ్వే వేసేది. రోజూ గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడ మీద పాకించుకుంటూ చెయ్యి ఎంత లేస్తే అంత లేపమని డాక్టర్లు చెప్పి పంపారు. అవ్వ నా వెనక నిలబడి, నా వేళ్లు ఆగినచోట పసుపుతో బొట్టు పెట్టేది. నేను ఏడ్చినా వదిలేది కాదు. కానీ మర్నాడు చూస్తే ఆ బొట్టు ఉండేది కాదు. తడి గుడ్డతో తుడిచేసేది. నిన్నటి గుర్తు లేకపోతే ఇవాళ పెరిగిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? పెరగడం లేదు, ఆ సంగతి నా కంట పడకుండా తుడిచేస్తున్నది అనుకున్నాను.

అంతకంటే భయపెట్టింది ఆమె మంచితనం. ఆపరేషన్ ముందు నన్ను తిట్టేది, అప్పుడప్పుడు వీపు మీద ఒకటి వేసేది కూడా. ఇప్పుడు తిట్టడం లేదు. పాల మీది మీగడ నాకే. బిందె ఎత్తబోతే గుంజుకునేది. ఎవరైనా గడపలో నిలబడి "పిల్లకెట్లున్నది?" అని అడిగితే, "ఏమున్నది, అట్లనే ఉన్నది" అనేది. నేను లోపల కూర్చుని వినేదాన్ని. అట్లనే అంటే ఎట్లా? అట్లనే ఉండేదానికైతే వీపు ఎందుకు కోయించుకున్నాను?

ఇక తవుడు సంగతి. వడ్లు పట్టించే గిర్ని నుంచి తవుడు బస్తా ఇంటికి వచ్చినప్పుడల్లా నా ప్రాణం అందులోనే ఉండేది. ఇవాళ చాట తీస్తుంది, పెద్దమ్మ ఇంటికి పోతుంది అని అవ్వ చేతులనే చూసేదాన్ని. ఆమె బొక్కెనలో తవుడు కలిపి కొట్టంలోకి పోయేది. బస్తా తర్వాత బస్తా మా బర్రెనే తిన్నది. దాన్ని చూస్తే నాకు కడుపు మండేది. నా ప్రాణం గట్టిపడిందని అవ్వకు నమ్మకం ఉంటే కొనుక్కోదా? ఆమెకే నమ్మకం లేదంటే నాకు చెప్పని మాటేదో ఉన్నట్టే కదా.

కొన్నాళ్లకు నిజామాబాద్‌లో మళ్లీ చూపించడానికి అవ్వే నన్ను తీసుకుపోయింది. ఆ డాక్టర్ చాలాసేపు విన్నాడు. ఈసారి ఎవరినీ పిలవలేదు. "ఇగ ఉరుకు, బరువులెత్తు, రేపు పెండ్లి చేసుకో, పిల్లల్ని కను. అందరసొంటిదానివే నువ్వు" అని నాతోనే అన్నాడు. నాకు దిగ్గున సంతోషం వచ్చింది. ఆ సంతోషం బోధన్ రైలు ఎక్కేదాకా ఉంది.

రైల్లో మా ఎదురుగా బుట్టతో ఒకామె కూర్చుంది. నా చేతిలో దవాఖాన సీసా చూసి, "నీ బిడ్డనా అక్కా? ఏమైంది?" అని అడిగింది.

"నా బిడ్డ గాదు, మా పక్కింటోల్ల పిల్ల. గుండె మంచిగ లేదు" అంది అవ్వ.

"డాక్టర్ ఏమన్నడు?"

"ఏమంటడు చెల్లె. ఎన్ని దినాలుంటదో దేవునికే ఎర్క."

ఆమె అయ్యో అంటూ నా తల నిమిరింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. డాక్టర్ నాకో మాట, అవ్వకో మాట చెప్పాడన్నమాట. పిల్లలకు నిజం చెప్పరు కదా. ఎడపల్లి స్టేషన్‌లో దిగేటప్పుడు అవ్వ చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. నా భయం ఆమెకు తెలియకూడదనుకున్నాను.

అప్పటి నుంచి లోపలి దారం మీదే నా ధ్యాస. గట్టిగా తుమ్మితే ముడి జారుతుందేమోనని తుమ్ము ఆపుకునేదాన్ని. ఒళ్లు మాత్రం నా మాట వినడం మానేసింది. ఆకలి పెరిగింది, పొడుగు పెరిగాను. చలికాలం దగ్గు రాలేదు. ఒకరోజు చెరుకుతోట వెనక, ఎవరూ చూడకుండా, గట్టు పొడుగునా పరుగెత్తి చూశాను. కూర్చోవాల్సిన అవసరం రాలేదు. సంతోషించాలి కదా? ఆరిపోయే ముందు దీపం పెద్దగా వెలగడం నేను చూశాను. ఇదీ అట్లాంటిదే అయివుంటుందని ఇంకా బెదిరిపోయాను.

డెబ్బైల మొదట్లో ఒక చెరుకు సీజన్. మా చెరుకు కొట్టమని చక్కెర ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. కొట్టిన చెరుకు ఎండకు ఎండితే తూకం పోతుంది, అందుకని ఇంటిల్లిపాదీ మడిలోనే ఉన్నాం. కూలీలు కొడుతున్నారు, అవ్వా పెద్దమ్మా ఆకు దూసి మోపులు కడుతున్నారు, బాపు బండి మీద పేరుస్తున్నాడు. నన్ను నీళ్లకుండ దగ్గర నీడలో కూర్చోబెట్టారు. నా ఈడు పిల్లలందరూ మోపులు మోస్తున్నారు.

కూలీల మేస్త్రి నీళ్లు తాగడానికి వచ్చి నన్ను చూశాడు. "ఈ పిల్లనెందుకు తెచ్చిండ్రు? పానం మంచిగ లేదంటిరి. ఏమన్నైతే మా మీదికొస్తది. ఇంటికి తోలుండ్రి" అని బాపును కేకేశాడు.

బాపు మోపులు పేరుస్తూనే ఉన్నాడు. అవ్వ తల ఎత్తలేదు. ఇన్నేళ్లుగా దాచుకున్న కోపం నాకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఎట్లాగూ చచ్చేదాన్నయితే నీళ్లకుండ పక్కన కూర్చుని ఎందుకు చావాలి? లేచి పోయి ఒక మోపును మోకాలి మీదికి, అక్కడి నుంచి తల మీదికి ఎత్తుకున్నాను. ఎడమ చెయ్యి పైకి లేచి మోపును పట్టుకుంది. బండి వైపు నడిచాను. కొడవళ్ల చప్పుడు ఆగింది. ముడి జారుతుంది, ఇప్పుడు జారుతుంది అనుకుంటూనే నడిచాను. బండి వచ్చింది. మోపు దించి, చక్రానికి ఆనుకుని నిలబడ్డాను. ఊపిరి వేగంగా ఆడింది, అందరికీ ఆడినట్టే. కాసేపటికి నెమ్మదించింది.

మేస్త్రి మాత్రం పెద్దమ్మ మీద అరుస్తున్నాడు. "ఏమవ్వా, గా పిల్ల నీదే అంటరు గదా. తీస్కపో ఈడికెళ్లి!"

అవ్వ చేతిలో కొడవలి పారేసి పరుగెత్తుకొచ్చింది. అందరి ముందే నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు నిలబడింది. రొద లేదు. దెబ్బ తర్వాత దెబ్బ, ఒట్టి గుండె కొట్టుకుంటున్నది.

"ఆమె పిల్ల గాదు" అంది మేస్త్రి వైపు తిరిగి. "నా బిడ్డ. నా బిడ్డ బాగైంది. డాక్టర్ ఎప్పుడో చెప్పిండు, ఉరుకుతదన్నడు, బరువులెత్తుతదన్నడు, పిల్లల్ని కంటదన్నడు. దిష్టి తాకుతదని నేనే నోట్లకెళ్లి తియ్యలే."

అవి డాక్టర్ నాతో అన్న మాటలే. ఆయన నాకో మాట, ఆమెకో మాట చెప్పలేదు. పసుపు బొట్లు తుడిచిందీ, రైల్లో నన్ను కాదన్నదీ చావు చెవిన పడకూడదని. నా చెవిన పడుతున్నదని మాత్రం ఆమెకు తోచలేదు. నేను బతుకుతాను. ఆ మాట నా లోపల పుట్టగానే గట్టిగా ఏడ్చేశాను.

అవ్వ కూడా ఏడుస్తూనే నా వీపు మీద ఒక్కటేసింది, కోత పక్కనే. ఆపరేషన్ అయ్యాక అదే మొదటి దెబ్బ.

"చెప్పకుండ ఎత్తుకుంటవా? ఏం సూస్తున్నవ్ ఇంక? పో, ఇంకో మోపు తే" అంది.

తెచ్చాను. చీకటి పడకముందే బండి నిండింది. ఇంటికి రాగానే అవ్వ కాళ్లు కడుక్కుని, గోడకున్న చాట తీసి, బస్తాలో మిగిలిన తవుడంతా అందులోకి ఒంపుకుని పెద్దమ్మ ఇంటికి పోయింది. ఆ సాయంత్రం బర్రెకు ఒట్టి గడ్డే వేశాము.