పెంచలమ్మ పిడికిలి

1957 జూన్‌లో నన్ను ఉదయగిరి నుంచి ఆత్మకూరు తాలూకాలో, చేజర్ల వైపున్న ఒక పల్లె డిస్పెన్సరీకి బదిలీ చేశారు. పల్లె పేరు రాయడం లేదు. ఇందులో చెప్పబోయే కుటుంబం వాళ్ళు ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళోనే ఉన్నారు. నా హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్, రెండో తరగతి. ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్ళది మొదటి తరగతి, నాలాంటి ఎల్.ఎం.పి.లది రెండోది. రోగులకు ఆ తేడా తెలియదు. డిస్పెన్సరీ అంటే రెండు గదులు, ఒక వసారా, నాలుగు మంచాలు. నేను, కాంపౌండరు మస్తాన్, ఒక ఆయా. కరెంటు లేదు.

ఆ బదిలీని ఆపించుకోవాలనుకున్నాను. కారణం వైద్యానికి సంబంధించినది కాదు. ఆ పల్లెకు మూడు మైళ్ళ దూరంలోని ఊరు ఒకప్పుడు మా తాతగారి శ్రోత్రియం. అంటే పూర్వం పాలకులు పండితులకు రాసిచ్చిన ఊరు. సేద్యం రైతులది, శిస్తు మాది. ఎస్టేట్ల రద్దుతో అది పోయింది. అంతకు చాలా ముందే రైతులను కూడగట్టి మా తాతగారికి ఎదురు నిలిచిన మనిషి కొడుకు మాలకొండారెడ్డి. శిస్తు వసూళ్ళు జరిగిన మా కచ్చేరి భవనం ఇప్పుడు అతని ఇల్లు. ఆ గడప తొక్కనని మా అమ్మగారి ముందు అని ఉన్నాను. ఇదంతా పై అధికారులకు చెప్పుకోవడం నామోషీ. చెప్పకుండానే వెళ్ళి చేరాను.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఒక ఉదయం మాలకొండారెడ్డినే బండి మీద తెచ్చారు. అరవై ఏళ్ళు ఉంటాయి, ఎముక గట్టిది. కళ్ళంలో నిలబడి ఉన్నవాడు ఉన్నట్టుండి పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడట. చేతిలో ఇంకా తాళాల గుత్తి ఉంది. మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టడం ఆ వైపు ఆనవాయితీ. బండి చుట్టూ యాభైమంది.

పడిన మనిషిని చూస్తే అప్పుడు నిమ్మళంగానే ఉన్నాడు. మణికట్టు పట్టుకుని పావు నిమిషం లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చించాను. జనం ఎక్కువగా ఉన్న రోజుల్లో అందరమూ చేసే పని అది. నలభై వచ్చింది. జీవితమంతా నాగలి పట్టిన శరీరానికి నాడి నిదానంగానే ఉంటుందనుకున్నాను. చీటీ మీద మూర్ఛ అని రాసి, ఫీనోబార్బిటోన్ బిళ్ళలు ఇమ్మన్నాను.

అతని భార్య పెంచలమ్మ బండి చక్రం పక్కనే నిలబడి ఉంది. "సామీ, ఇది మూర్ఛ కాదు," అంది. "మా చిన్నమామకు మూర్ఛ ఉండాది. నేను చూసినాను. ఇది అట్టా లేదు."

మా తాతగారికి ఎదురు నిలిచిన ఆమె మామగారి పేరు మా ఇంట్లో ఎలా పలికేవారో నాకు గుర్తుకు వచ్చింది. చదివింది నువ్వా నేనా అని అడిగాను. మస్తాన్ బిళ్ళలు కట్టిచ్చాడు.

ఆరో రోజున ఆమె ఒక్కతే మూడు మైళ్ళు నడిచి వచ్చింది. రోగులందరూ వెళ్ళేదాకా వసారాలో కూర్చుని, తర్వాత లోపలికి వచ్చింది. ఆ ఆరు రోజుల్లో నాలుగుసార్లు పడిపోయాడని చెప్పింది.

"తిట్టినా సరే సామీ, చెప్పేసి పోతాను. ముందు మొహం సున్నం మాదిరి తెల్లబడతాది. చెయ్యి పట్టుకుంటే నాడి ఉండదు. ఆ తర్వాతనే కొట్టుకుంటాడు. మళ్ళా నాడి వచ్చిందంటే మొహం మందారం మాదిరి ఎర్రబడతాది. లేసీ లేవకనే, ఎద్దులకు నీళ్ళు పెట్టినారా అని అడుగుతాడు. మా చిన్నమామ అయితే లేసినాక పూటంతా పిచ్చోడి మాదిరి ఉంటాడు."

గుండె ఆగి పడిపోయే జబ్బుకు వైద్య పాఠశాలలో పుస్తకం చూసి నేను వల్లించిన వర్ణన ఇది. మూర్ఛలో ముఖం నల్లబడుతుంది, నాడి ఆగదు, లేచాక మనిషి మత్తుగా ఉంటాడు. ఈమె చెప్పినదానిలో మూడూ తలకిందులుగా ఉన్నాయి. పాఠం నాకు వచ్చు. చూసిన మనిషి చెబుతుంటే వినలేదు.

సైకిలు తీసుకుని బయలుదేరాను. ఆమెకు ఎడ్లబండి కట్టిస్తానన్నా వద్దంది. నేను వెళ్ళేసరికి ఆమె కూడా అడ్డదారిన వచ్చేసింది. మా కచ్చేరి గడప అలాగే ఉంది. తొక్కి లోపలికి వెళ్ళాను.

రెడ్డి నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. "శ్రోత్రియందారు మనవడు మా ఇంటికొచ్చినాడే! నేను చచ్చినట్టే లెక్క," అని నవ్వాడు. చేతి గడియారం విప్పి మంచం మీద పెట్టి ఈసారి నిండు నిమిషం లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది. మెడ చూశాను. అక్కడి రక్తనాళం అంతకు రెండింతలకు పైగా వేగంతో అదురుతోంది. గుండె పైగదులు ఒక తాళంలో, కిందిగదులు వేరొక తాళంలో కొట్టుకుంటున్నాయి. రెంటికీ మధ్య కబురు మోసే తంతువు తెగిపోతే ఇలా జరుగుతుంది. హార్ట్ బ్లాక్ అంటారు. కిందిగదులు తమంతట తాము ఈడ్చుకుంటూ కొట్టుకుంటాయి, ఒక్కొక్కప్పుడు ఆగిపోతాయి. ఆగిన పది క్షణాలకు మనిషి పడతాడు. మళ్ళీ మొదలైతే లేస్తాడు. మొదలు కాకపోతే లేవడు.

నేను ఇంకా మణికట్టు వదలలేదు. వేళ్ళ కింద నాడి పోయింది. అతని ముఖం ఆమె చెప్పినట్టే సున్నమైంది. వెనకనుంచి ముసలమ్మ, రెడ్డి తల్లి, "తాళాలు! తాళాలు తేండ్రా!" అని కేక వేసింది. అతని తమ్ముడు రమణారెడ్డి గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అతణ్ణి తోసేసి, రెడ్డి రొమ్ము ఎముక కిందిభాగాన పిడికిలితో ఒక్క దెబ్బ కొట్టాను. రెండోది కొట్టాను. వేళ్ళకు నాడి తగిలింది. ముఖం ఎర్రబడింది. రెడ్డి కళ్ళు తెరిచి, "ఎవుర్రా కొట్టింది?" అన్నాడు.

నేనే అన్నాను. "తాతల నాటి కక్ష ఇప్పుడు తీర్చుకున్నావా సామీ?" అన్నాడు. ఇంట్లోవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. నా మొదటి వైద్యం తప్పని, పెంచలమ్మ చెప్పిందే సరి అని అందరి ముందూ చెప్పాను. ఆ మాట ఆ ఇంట్లో నిలబడి చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఫీనోబార్బిటోన్ ఆపేశాను. డిస్పెన్సరీలో ఉబ్బసానికి ఉంచిన ఎఫెడ్రిన్ గుండె వేగాన్ని కూడా పెంచుతుంది గనక అది మొదలుపెట్టాను. మద్రాసులో నాకు చదువు చెప్పిన ఆచార్యుడికి ఉత్తరం రాశాను. నాలుక కింద పెట్టుకునే కొత్త మాత్రలు పంపుతూ ఆయన జవాబు రాశారు. అమెరికాలో ఒక యంత్రం వచ్చిందట. రొమ్ము మీద రెండు పలకలు పెట్టి కరెంటు పంపితే గుండె కొట్టుకుంటుంది. దాని తీగ గోడలోని ప్లగ్గు దాకా ఉంటుంది గనక రోగిని గోడకు కట్టేసినట్టే. స్పృహలో ఉన్న మనిషి ఆ నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోలేడు. మన ఆసుపత్రుల్లో లేదు. మాత్రలు పనిచేసినన్నాళ్ళు పనిచేస్తాయి, ఆగినప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి, అని ముగించారు.

ఆ మనిషి ఎవరన్నది ఆ ఇంట్లో పెద్ద తగువైంది. నాడి పట్టి చూడటం పెంచలమ్మకు అప్పటికే వచ్చు. కొట్టడం నేర్పాలి. ముసలమ్మ ఒప్పుకోలేదు. "మొగుడి రొమ్ము మీద పెండ్లాం గుద్దేదా? ఊరు ఊస్తాది!" అంది. భర్త పోయినప్పుడు ఆడది తన రొమ్ము తాను కొట్టుకుంటుంది; బతికున్న భర్త రొమ్ము కొట్టడం ఆమె లెక్కలో అశుభం కూడాను.

రెడ్డే తీర్పు చెప్పాడు. "ముప్పై ఐదేండ్లు మాటలతో కొడతానే ఉండాదిలే అమ్మా. ఇప్పుడు చేత్తో కొడితే ఏంది పోయేది?" భార్య వైపు తిరిగి, "గట్టిగా కొట్టు. చచ్చినోడు అడగడు, బతికినోడు ఏమనుకోడు," అన్నాడు.

డిస్పెన్సరీ వసారాలో వడ్లమూట మీద నేర్పాను. జానెడు ఎత్తు నుంచి, పిడికిలి అంచుతో, వేగంగా. నాడి ఆగిందని తెలిసే వరకూ కొట్టకూడదు, తెలిశాక ఆలోచించకూడదు. మూడు దెబ్బలకు రాకపోతే ఆపకుండా కొడుతూనే ఉండాలి. ఆమె మూటను ఎలా కొట్టిందంటే కుట్టు పిగిలి వడ్లు కారాయి. "సార్, ఈమె చేతిలో మీరు పడొద్దు," అన్నాడు మస్తాన్.

పద్నాలుగు నెలలు ఆమె ఆ మనిషిని నడిపింది. అతను పొలానికి వెళ్తే వెనకే వెళ్ళేది. రచ్చబండ మీద కూర్చుంటే పక్కన నిలబడేది. మొదట్లో నవ్విన ఊరు తర్వాత నవ్వడం మానేసింది. ప్రతి శనివారం అతణ్ణి బండిలో వెంటబెట్టుకుని వచ్చి ఎన్నిసార్లు ఆగిందో, ఎన్ని దెబ్బలకు వచ్చిందో చెప్పేది. నేను కేసు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అనవసరంగా కొట్టిన దెబ్బ ఒక్కటి కూడా అందులో లేదు. నాడి ఉందో లేదో తెలియకుండా ఆమె చెయ్యి ఎత్తలేదు.

మరుసటి ఏడు చివర్లో కలువాయిలో ఆమె అన్న పోయాడు. ఆమె వెళ్ళక తప్పదు. వెళ్ళేముందు డిస్పెన్సరీకి వచ్చి, రమణారెడ్డికి అంతా చెప్పానని, ఒకసారి తమరు వచ్చి చూస్తే బాగుండునని అడిగింది. నువ్వు నేర్పితే చాలులే అన్నాను. రోగులు ఎక్కువగా ఉన్న మాట నిజమే. ఆ గడప మళ్ళీ తొక్కడం ఇష్టం లేని మాట కూడా నిజమే.

ఆమె వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుగుతూ రెడ్డి పడిపోయాడు. తమ్ముడు పక్కనే ఉన్నాడు. నాడి పట్టుకున్నాడు. ఆగిందని తెలుసుకున్నాడు. పిడికిలి ఎత్తాడు. కబురందుకుని నేను వెళ్ళేసరికి చల్లబడిన రెడ్డి చేతిలో తాళాల గుత్తి ఉంది.

రమణారెడ్డి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "అన్నంటే తండ్రి తర్వాత తండ్రి సామీ. చెయ్యెత్తినాను. దిగలేదు," అన్నాడు.

పదిహేను రోజులకు పెంచలమ్మ మిగిలిన మాత్రలు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నేను రాకపోవడం తప్పేనని చెప్పాను. "మరిదిని ఎవురూ ఏమీ అనొద్దని చెప్పినాను సామీ," అంది. "నన్ను ఆయనే కొట్టమన్నాడు. వాణ్ణి ఎవురూ కొట్టమనలా." మాత్రలు మస్తాన్ చేతికిచ్చి వెళ్ళింది.

ఇప్పుడు ఆ పనికి యంత్రం ఉంది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. మెడ ఎముక కింద చర్మంలో అమర్చి, దాని తీగను రక్తనాళం గుండా గుండెలోకి దింపుతారు. గుండె తనంతట తాను కొట్టుకుంటున్నంతసేపు అది కనిపెట్టుకుని ఊరుకుంటుంది. సమయానికి కొట్టుకోకపోతే ఒక చిన్న విద్యుత్తు దెబ్బ వేస్తుంది. నెల్లూరులో ఒక చిన్న డాక్టరు దాన్ని చేతిలో పెట్టి వివరిస్తే, నాకు లోహం, బ్యాటరీ మాత్రమే కొత్తగా తోచాయి. పద్ధతి నా కేసు పుస్తకంలో ఉన్నదే.

ఆ కేసు తర్వాత ఉద్యోగం మానేవరకూ నాడి నిండు నిమిషం లెక్కపెట్టాను. పడటం కళ్ళారా చూసిన మనిషి చెప్పేది ముందు విని, తర్వాతే రోగిని ముట్టుకున్నాను. మూడోది నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. యంత్రానికి వావివరసలు లేవు, మనిషికి ఉన్నాయి. మనిషి చేత వైద్యం చేయించేటప్పుడు చేతికి పని నేర్పితే సరిపోదు. ఆ చెయ్యి ఎత్తడానికి రోగి నోటితోనే, ఇంట్లో అందరి ముందూ, అనుమతి ఇప్పించాలి. ఆ ఇంట్లో రెండు చేతులకు ఆ అవసరం ఉండింది. పెంచలమ్మ చేతికి రెడ్డే ఇచ్చాడు. రమణారెడ్డి చేతికి నేను ఇప్పించలేదు.