కొబ్బరినీళ్లు తాగిన ఫుట్‌లైట్

తొంభై నాలుగో సంవత్సరం. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నాను. వార్షికోత్సవానికి క్యాంటీన్ ముందు స్టేజీ కట్టారు. పొద్దు గూకుతోంది, చిమ్నీ పొగ గులాబీ రంగులో జిన్నారం వైపు మెల్లగా సాగిపోతోంది. లైట్లకు ఎరుపు, నీలం కాగితాలు కట్టి క్యాంటీన్ ప్లగ్గుల్లో పెట్టాం.

ఆ ప్లగ్గులకు కొత్తగా ఈఎల్‌సీబీలు బిగించి ఉన్నాయి. వెళ్లిన కరెంటులో ఏ కాస్త నేలలోకి జారినా ఠక్కున సప్లై ఆపేసే స్విచ్చు అది. క్యాంటీన్‌లో ఎప్పుడూ తడేనని నేనే పట్టుబట్టి పెట్టించాను. ఆ సాయంత్రం నా పరువు తీసింది కూడా అదే.

ఆ రాత్రి నాటకంలో బాయిలర్ ఆపరేటర్ అంజయ్యన్నది రాజు వేషం. వచ్చే నెల రిటైర్మెంట్. ఇన్నేళ్లూ అందరి నాటకాలకూ తెర లాగిన మనిషి, మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్నాడు. లైట్లు వేయగానే స్టేజీ కలలో ఊరిలా వెలిగింది. అంతలోనే చీకటి. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. జనం ఈలలు. పాత లైట్లు తలా కొంచెం కరెంటు జార్చినా అన్నీ కలిసి స్విచ్చును పడగొడతాయి. అదే అనుకుని నీలం లైట్లను వేరే ప్లగ్గుకు మార్చాను. అవి నిలిచాయి. స్టేజీ ముందంచున ఉన్న ఫుట్‌లైట్ పెట్టె, దాని ఎర్రలైట్లు మాత్రం నిలవలేదు.

అంజయ్యన్న వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, ఇయ్యాల గాకుంటే నాకింక లేదు. ఆ స్విచ్చు పక్కకు పెట్టి డైరెక్ట్ ఇయ్యరాదు?"

ఇచ్చేద్దామనే వైరు చేతిలోకి తీసుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన స్టేజీ అంచుకు వెళ్లి, వంగి, ఆ ఇనుప పెట్టెను తాకి కళ్లకద్దుకున్నాడు. మా దగ్గర వేషం కట్టినవాళ్ల ఆనవాయితీ అది. కాళ్లకు చెప్పుల్లేవు. అప్పుడు కనిపించింది పెట్టె చుట్టూ తడి. పూజలో కొబ్బరికాయ కొట్టి, నీళ్లు దాని మీదే పోశారు. పక్కన నిలబడి నేనూ దండం పెట్టాను మరి! డైరెక్ట్ ఇచ్చి ఉంటే ఆ ఇనుములోంచి కరెంటు ఆయన ఒంట్లోకే పోయేది; వైరు కింద పెట్టేశాను.

"అన్నా, గా పెట్టెల నీళ్లు వోయినయ్. నీలం లైట్లే ఉంటయ్. ఏం జేద్దాం?"

ఆయన పెట్టెను తాకిన తన అరచేతిని చూసుకున్నాడు.

"నీలమే ఉండనియ్."

రాజు నీలం వెలుగులోకి నడిచాడు. కిరీటం మెరవలేదు, ముఖం సగమే కనిపించింది. చెరువు అడుగున నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఈలలు ఎప్పుడు ఆగాయో నాకు తెలియలేదు.

స్విచ్చు పదే పదే పడిపోతుంటే దాన్ని తిట్టుకోవడం ఆరోజే మానేశాను. ఎవరు డైరెక్ట్ ఇవ్వమన్నా ముందు తడి ఎక్కడుందో వెతుకుతాను.

నాటకం అయ్యాక అంజయ్యన్న చెమటతో, కన్నీళ్లతో మళ్లీ ఆ పెట్టె దగ్గరికే వచ్చి వంగాడు. నేను ఆపలేదు. దాని వైరు నుంచి కోసేసిన ప్లగ్గు నా జేబులో ఉంది.