చౌడేశ్వరి ఎడమ మడమ

రేపల్లె స్టేషన్లో పొద్దుటి బండి దిగినవాళ్ళలో ఎవరైనా నడుం మీద చెయ్యి వేసుకుని, ముందుకు వంగి, అడుగడుక్కీ దేవుణ్ణి తలుచుకుంటూ నడుస్తుంటే రిక్షావాడు ఎక్కడికని అడిగేవాడు కాదు. తిన్నగా చలపతి గారింటికి తీసుకెళ్ళి దింపేవాడు. చలపతి బట్టల మూటలు ఊరూరా తిప్పి అమ్ముకునే మనిషి. ఆయన కోసం బండెక్కి ఎవరొస్తారు? వచ్చేది ఆయన భార్య చౌడేశ్వరి కోసం. ఇంకా సూటిగా చెప్పాలంటే ఆమె ఎడమ మడమ కోసం.

సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. మన వైపు నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకుంటారు. తల కాకుండా కాళ్ళు ముందు వచ్చి పుట్టిన మనిషి కాలికి ఆ మహిమ ఉంటుందని నమ్మకం. ఆదివారమో గురువారమో వెళ్ళి చాప మీద బోర్లా పడుకుంటే ఆ మనిషి ఎడమ మడమతో మూడుసార్లు అదుముతుంది. లేచినవాడు వెనక్కి చూడకూడదు, వెళ్ళొస్తానని చెప్పకూడదు, తగ్గిందని గానీ తగ్గలేదని గానీ అప్పుడే కాదు, ఆ తరవాతెప్పుడూ ఆమెతో అనకూడదు. అంటే పోయిన నొప్పి ఆ మాట వెంటే తిరిగొస్తుందట. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. ఇక్కడ చెప్పుకునేది నొప్పి సంగతి కాదు, ఆ మడమ ఉన్న మనిషి సంగతి.

చౌడేశ్వరి పుట్టింది చీరాల పక్కన ఒక నేత పల్లెలో. ఇంటింటికీ గుంట మగ్గం ఉన్న ఊరు. పొద్దున గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి పొద్దుగూకితే గానీ లేవడు, కాబట్టి ఊరందరికీ నడుం నొప్పులే. ఆమెకి ఆరేళ్ళు రాగానే వాళ్ళ నాన్న చంకల కింద చేతులు వేసి ఎత్తి, బోర్లా పడుకున్నవాళ్ళ మీద నిలబెట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆ పిల్లకి అదొక ఆట. పదేళ్ళు వచ్చేసరికి ఆట కాస్తా పనైంది. పద్నాలుగో ఏట చలపతిని చేసుకుని రేపల్లె వస్తే, ఆమె కంటే ముందే ఆమె పేరు వచ్చి కూర్చుంది. అత్తగారు దిష్టి తీసి లోపలికి పిలవకముందే పక్కింటాయన నడుం పట్టుకుని అరుగు మీద కాచుకుని ఉన్నాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆమెకి ఒకటి తెలిసొచ్చింది. ఎక్కడపడితే అక్కడ మూడుసార్లు అదిమితే కొందరు నిటారుగా లేచి వెళ్తారు, కొందరు వంగే వెళ్తారు. అలా కాక, ముందు మడమని ఊరికే ఆనించి, ఆ మనిషి ఊపిరి వదిలేదాకా ఆగి, బిగుసుకున్న కండ ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాని పక్కగా మెల్లగా బరువు దించితే లోపలెక్కడో చిన్న చప్పుడయ్యేది. మనిషి వదులైపోయేవాడు. బండి తోలేవాడి వీపు వేరు, నాట్లు వేసే ఆవిడ వీపు వేరు, మగ్గం గుంటలో కూర్చునేవాడిది వేరు. ఇవన్నీ ఆమెకి ఒకరు నేర్పినవి కావు. ఆమె ఎవరికీ చెప్పనూ లేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

ఆమెకి కావలసిందల్లా ఒక్క మాట. నీకు పని తెలుసమ్మా అని ఎవరో ఒకరు అనాలి. వంట చేసినావిడతో పులుసు బాగా కుదిరిందంటారు. నేసినవాడితో అంచు తీరుగా వచ్చిందంటారు. ఆమెతో మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఆచారం అందరి నోళ్ళూ కట్టేసింది. లేచి, గుమ్మం వైపు చూస్తూ, మూగవాళ్ళలా వెళ్ళిపోయేవారు. మర్నాడు కొందరు అరటిపళ్ళు పంపేవారు, కొందరు జాకెట్టు గుడ్డ పంపేవారు. ఎప్పుడైనా బజార్లో ఎదురైతే ఒకటే పాట, ఎంత పుణ్యం చేసుకుంటే అట్లాంటి పుట్టుక వస్తుందమ్మా అని. పుట్టుకట, పుట్టుక. పుట్టడంలో ఆమె చేసిందేముంది, కన్నతల్లిని రెండు రోజులు ఏడిపించడం తప్ప.

తెనాలిలో డాక్టరు శేషగిరిరావు గారికి ఈ తొక్కుడు వ్యవహారమంటే ఒళ్ళు మంట. నడుం పట్టు వారం పది రోజుల్లో దానంతట అదే పోతుందని, తొక్కినా పోతుందని, తొక్కకపోయినా పోతుందని, ఆఖరి రోజున ఎవరు ముట్టుకుంటే వాళ్ళకి పేరొస్తుందని అనేవారు. ఈ మాటని రేపల్లె దాకా మోసుకొచ్చి, కాస్త ఉప్పూ కారం కలిపి ఆమె చెవిన వేసేవాళ్ళకి కరువేముంది. చౌడేశ్వరికి కోపం రాలేదు. ఆ మాటలో సగం నిజమని ఆమెకీ తెలుసు. కానీ ఎవరిది దానంతట అది పోతుందో, ఎవరిది పోదో మడమ ఆనించగానే తెలుస్తుందే, ఆ సంగతి ఆయనకి ఎవరు చెబుతారు?

ఒకసారి చలపతికి దగ్గు పట్టుకుంటే ఆ డాక్టరు గారి దగ్గరికే తీసుకెళ్ళింది. అక్కడ గోడకి వెన్నెముక బొమ్మ వేలాడుతోంది. ఆమె దాని ముందు నిలబడిపోయింది. కాలితో ఇరవై ఏళ్ళుగా ఎరిగిన పూసల్ని కళ్ళతో చూడడం అదే మొదలు. ఇది ఇక్కడ కాస్త లోపలికి ఉంటుంది, ఇది తొందరగా పట్టేస్తుంది అని మనసులో అనుకుంటూ పై నుంచి కిందికి చూసుకుంటూ పోయింది. చలపతి రెండుసార్లు పిలిచినా వినిపించలేదు. ఆ రోజు నుంచి ఆమెకి ఊరందరి మాటా అక్కర్లేకపోయింది. ఆ బొమ్మ కింద కూర్చునే మనిషి ఒక్కడు ఆ మాట అంటే చాలనిపించింది. రైలు కూత వినపడినప్పుడల్లా తెనాలి గుర్తొచ్చేది.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో బాపట్లలో తమ్ముడింట్లో వాళ్ళమ్మ మంచం పట్టింది. చౌడేశ్వరి వెళ్ళి పది రోజులు ఉంది. ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, నీకొక మాట చెప్పకుండా పోతే నాకు ఊపిరాడదే. నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టలేదు."

చౌడేశ్వరి దువ్వెన పక్కన పెట్టింది.

"అట్టా పుట్టింది నీ అక్క. మూడేళ్ళు బతికి అమ్మవారు పోసి పోయింది. నువ్వు ఆ తరవాత, అందరిలాగానే పుట్టావు. పొరుగూళ్ళ వాళ్ళు నడుం పట్టుకుని ఎదురుకాళ్ళ పిల్ల ఏదని వచ్చేవాళ్ళు. పోయిందని చెప్పడానికి మీ నాన్నకి నోరు రాలా. నిన్ను ఎత్తుకొచ్చి నిలబెట్టాడు. ఒకసారి నిలబెట్టాక మన ఊళ్ళోవాళ్ళకీ ఏ పిల్ల ఎట్టా పుట్టిందో గుర్తులేకుండా పోయింది, ఇంకేం చెప్తాం."

తల్లి ఏడుస్తోంది. చౌడేశ్వరికి ఏడుపు రాలేదు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. అక్క మీద జాలి వేసింది, ముఖమైనా తెలియని పిల్ల. కానీ దాని వెనకే ఎన్నేళ్ళుగానో ఎరగనంత సంతోషం వచ్చి కూర్చుంది. పుట్టుక కాదు. మహిమ కాదు. మరి ఇన్నేళ్ళూ మనుషుల్ని లేపి నిలబెట్టిందేమిటి? తనే.

రేపల్లె తిరిగొచ్చి చలపతితో చెప్పింది. ఆయన చుట్ట ఆర్పి, లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు.

"ఈ మాట గడప దాటకూడదు. ఇన్నాళ్ళూ మోసం చేశామంటారు."

"మోసమేంటండి, తగ్గింది కదా."

"తగ్గింది కాలు చూసి కాదే, పుట్టుక చూసి. నువ్వు మామూలుగా పుట్టావంటే రేపు ఒక్కడు రాడు."

ఆమె గడప దాటించలేదు. మూడేళ్ళు కడుపులో పెట్టుకుంది. అంతకు ముందు ఎవరూ ఆ ఒక్క మాట అనలేదనే దిగులు ఒక్కటే, ఇప్పుడు చెప్పుకోవలసింది ఉండీ చెప్పుకోలేని దిగులు దానికి తోడైంది.

డెబ్భై ఒకటిలో దుగ్గిరాల నుంచి యోబు అనే మనిషి వచ్చాడు. పసుపు యార్డులో బస్తాలు మోసే ముఠాలో పని, పాతికేళ్ళు ఉంటాయి. బోర్లా పడుకున్నాడు. చౌడేశ్వరి ఎప్పటిలాగే బరువు పెట్టకుండా మడమ ఆనించింది. ఎంత గట్టిగా బిగుసుకున్న కండైనా కాసేపటికి కొంచెం లొంగుతుంది. ఇది లొంగలేదు. మధ్యలో ఒక పూస బయటికి పొడుచుకొచ్చి ఉంది. అక్కడ మడమ తగిలీ తగలకముందే మనిషి వణికాడు. ఆమె కాలు తీసేసింది.

"సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతోందా నాయనా?"

"అవునమ్మా. అన్నం కూడా సయించట్లా."

"నేను తొక్కను. ఇది పట్టు కాదు. తెనాలిలో శేషగిరిరావు గారికి చూపించుకో. ఈలోగా ఎవరి చేతా తొక్కించుకోకు, బస్తా ముట్టుకోకు."

యోబు ముఖం చిన్నబోయింది. తక్కువ కులం వాడినని తొక్కనంటోందేమో అనుకున్నాడు. అది గ్రహించి ఆమె ఆ పూట తన ముందే అతనికి ఆకు వేసి అన్నం పెట్టి, అతను బండెక్కే ముందు తెనాలిలో దిగి చూపించుకుంటానని ఒట్టు వేయించుకుంది. తెనాలిలో ఎక్స్‌రే తీస్తే వెన్నులో క్షయ అని తేలింది.

నెల తిరగకుండా డాక్టరు గారు కబురు పంపించారు. చౌడేశ్వరి ఉతికిన చీర కట్టుకుని, చలపతికి కూడా చెప్పకుండా ఒక్కతే బండెక్కింది. ఆయన ఆమెని కూర్చోమన్నారు.

"తొక్కనని పంపించింది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి."

"తొక్కి ఉంటే కుర్రాడికి కాళ్ళు పడిపోయేవి. నీకెలా తెలిసింది?"

ఈ ప్రశ్న కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆయనకేం తెలుసు. ఆమె చెప్పింది. కండ లొంగకపోవడం, పూస పొడుచుకు రావడం, వెచ్చబడడం అన్నీ చెప్పింది. ఏ పూస అని ఆయన అడిగితే లేచి బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. ఆయన ఎక్స్‌రే తీసి వెలుతురుకి పెట్టి చూసి తలూపారు. ఆ తలూపడంతో ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఇంకొక్క మెట్టు ఎక్కితే ఆ మాట వచ్చేస్తుందనిపించింది. అందుకే బాపట్లలో తల్లి చెప్పిన రహస్యం కూడా చెప్పేసింది.

"అంటే ఇదంతా నేను నేర్చుకున్నదేనండి. పుట్టుక కాదండి."

ఆయన ఎక్స్‌రేని కవర్లో పెట్టేశారు.

"ఇన్నాళ్ళూ జనం నమ్మకం కొద్దీ కాలు ఆనిస్తున్నావనుకున్నాను. పోనీలే అనుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పేదేంటి? వైద్యం చేస్తున్నానంటున్నావు. వైద్యమన్నాక చదువుండాలి, పరీక్షలుండాలి, రేపు ఒకడి వెన్ను దెబ్బతింటే జవాబు చెప్పాలి. యోబు సంగతి నీకు తెలిసింది, మంచిదే. తెలియకుండా నువ్వు తొక్కేసినవాళ్ళు ఎంతమందో చెప్పగలవా?"

ఎంత ఆలోచించినా ఆమె చెప్పలేదు. బాగుపడినవాడూ మాట్లాడకుండా వెళ్ళాడు, బాగుపడనివాడూ మాట్లాడకుండానే వెళ్ళాడు. మళ్ళీ రానివాళ్ళు తగ్గి రాలేదో, మంచాన పడి రాలేదో ఆమెకేం తెలుసు? తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, గుర్తున్న వీపులన్నీ ఒక్కొక్కటీ తలుచుకుంది. కొన్నింటి దగ్గర గుండె ఝల్లుమంది. ఆ మనుషుల్ని వెతికి పట్టుకుని ఎలా ఉన్నారని అడగాలనిపించింది. ఏళ్ళనాటి వాళ్ళు, ఏ ఊళ్ళ వాళ్ళో ఏమో.

ఆ తరవాత ఆమె వచ్చినవాళ్ళలో సగం మందిని తెనాలి పంపేసేది. కాలి మహిమ తగ్గిందని ఊళ్ళో గుసగుసలు బయల్దేరాయి. ఆమె చెవిన వేసుకోలేదు. ఆమె మనసంతా యోబు మీదే ఉంది. అతన్ని తొక్కలేదు, కాబట్టి ఆచారం అతని నోరు కట్టలేదు. ఈ లోకంలో ఆమె వల్ల బతికి ఆమెతో నోరు విప్పి మాట్లాడగల ఒకే ఒక్క మనిషి దుగ్గిరాలలో పిండికట్టు వేసుకుని పడుకుని ఉన్నాడు. లేస్తే వస్తాడు, వస్తే ఆ మాట అంటాడు. దుగ్గిరాల నుంచి ఎవరొచ్చినా ముందు అతని సంగతే అడిగేది.

డెబ్భై మూడులో ఒక గురువారం వచ్చాడు. తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చాడు, కాస్త లావయ్యాడు కూడా. వెంట నడుం పట్టేసిన తల్లిని తీసుకొచ్చాడు. చౌడేశ్వరి గుమ్మంలోనే అతని వీపు తడిమి చూసుకుంది. అతను వంగి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"ఇంజక్షన్లు డాక్టరు గారియ్యే, కాదనను. కానీ నన్ను బతికించింది మీ పుట్టుకేనమ్మా. దేవుడు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వడు."

ఇతనితో కాకపోతే ఇంకెవరితో చెప్పుకుంటుంది?

"యోబూ, నేను ఎదురుకాళ్ళతో పుట్టలేదు నాయనా. అట్లా పుట్టింది మా అక్క. నేను మామూలుగానే పుట్టాను. నీది నాకు తెలిసింది పని వల్ల. ఇన్నేళ్ళ పని వల్ల."

యోబు ఆమె ముఖంలోకి చూసి, పెద్దవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరు గదా అన్నట్టు నవ్వాడు.

"మీరు ఊరుకోండమ్మా. అట్టా పుట్టకపోతే, అంత డాక్టరుకి ఫొటో తీస్తే గాని తెలవంది మీ కాలికెట్టా తెలిసిద్ది?"

ఆమెకున్న ఒకే ఒక్క రుజువుని అతను తీసుకెళ్ళి పుట్టుక పక్కన పెట్టేశాడు.

ముసలమ్మ అప్పటికే చాప మీద బోర్లా పడుకుంది. చౌడేశ్వరి ఆమె పక్కన కింద కూర్చుంది. సన్నటి వీపు, ఎముకలు తేలిన వీపు. ఇలాంటి దానికి మడమ కంటే బొటనవేళ్ళు మేలని ఆమెకి తెలుసు. రెండు చేతులూ వీపు మీద వేసింది. ముసలమ్మ తల తిప్పి చూసింది.

"చేతులెందుకు తల్లీ, నీ కాలు పెట్టు."

యోబు కూడా కాలే పెట్టమన్నట్టు చూస్తున్నాడు. చౌడేశ్వరి లేచి నిలబడింది. అంత ఏడుపు ఆమెకి తల్లి పోయినప్పుడు కూడా రాలేదు. గోడకి చెయ్యి ఆనించుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఎడమ కాలు ఎత్తింది. మడమ ఆనించగానే నొప్పి ఉన్న చోటు దొరికింది. ముసలమ్మ ఊపిరి వదిలేదాకా ఆమె ఆగింది.