అమ్మ పాట చివర నేను కోసేసిన ఆమెన్

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను కాళ్లు కడుక్కునే లోపలే మా మనవరాలు హాల్లో కూర్చుని ఫోన్‌లో ఒక పాట పాడేసి, దానికి డ్రమ్స్ తగిలించి, ఫ్యాను చప్పుడు తీసేసి, స్నేహితులందరికీ పంపించేసింది కూడా. ఓరి నాయనో అనుకున్నాను. ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఒక్క పాట రికార్డు చేయడానికి మేం పడ్డ తిప్పలు మన వయసు వాళ్లకు చెబితేనే అర్థమవుతాయి.

అప్పట్లో నేను నర్సీపట్నంలో ఒక డీటీపీ షాపులో పెళ్లి కార్డులు టైపు చేసేవాణ్ని. భక్తి పాటలు రాసేవాళ్లు మా చర్చిలో ఉండనే ఉన్నారు కదా, నేను పాప్ పాటలు రాస్తానని బయలుదేరాను. బస్సులో కూర్చున్నవాడు వానను పిలిచే పాట ఒకటి రాసి, "కిటికీ సీటు నీకే ఉంచాను, ఎక్కు వానా" అని పల్లవి కట్టి, కంప్యూటర్ తెర మీద మౌస్‌తో ఒక్కో దెబ్బకు ఒక్కో గడీ నొక్కుతూ దానికి వాయిద్యాలు పేర్చేసరికి నెల పట్టింది.

సరిగ్గా అప్పుడే అమ్మ గొంతులో గడ్డ ఉందని తెలిసింది. ఆపరేషన్ తరవాత మాట వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేమని విశాఖ డాక్టరు అన్నారు. చిన్నప్పటి నుంచి చర్చి పాటల బృందంలో, అదే క్వయర్‌లో, ముందు వరసలో నిలబడి పాడిన మనిషి. చేతిలో పది రోజులున్నాయి, ఆ లోపల ఆ గొంతును ఎలాగైనా కంప్యూటర్‌లో దాచిపెట్టాలని నా ఆరాటం. భక్తి పాట పాడమంటే ఒప్పుకోలేదు.

"దేవుడి పాటలు నేనొక్కదాన్నీ పాడీడమేట్రా, అవి అందరం కలిసి పాడాల. నీ వాన పాటే సెప్పు, బేగి నేర్సుకుంటాను," అంది. పల్లవి విని, "వానకి సీటేట్రా, టికెట్టెవుడు తీత్తాడు?" అని ఆట పట్టించింది.

మధ్య గది కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, మైకుకు నా మేజోడు తొడిగితే, ఉతికిందేనా అని వాసన చూసి మరీ కూర్చుంది అమ్మ. నాన్న వీధిలో స్టూలు వేసుకుని, హారన్ కొట్టకండి బాబూ అని ఆటోలవాళ్లను బతిమాలుకునేవారు. ఇన్ని చేసినా ఒకసారి కుక్కర్ కూత వేసేది, ఇంకోసారి కరెంటు పోయేది. అన్నిటికీ మించిన చిక్కు అమ్మ నోటితోనే వచ్చింది. మా చర్చిలో ప్రతి పాటా ఆమెన్‌తోనే ముగుస్తుంది. ఆ అలవాటు కొద్దీ అమ్మ వాన పాట చివర కూడా, ఎన్నిసార్లు పాడితే అన్నిసార్లూ, రాగం తీసి ఆమెన్ అనేసేది.

విసుక్కున్నాను, ఒకసారి అరిచాను కూడా. "ఏటి సెయ్యనురా, నోరు దానికదే అనేత్తాది," అనేది పాపం. ఆ అరుపు తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజు బ్రహ్మాండంగా కుదిరింది. చివర మళ్లీ ఆమెన్ అనేసి, నాలుక కరుచుకుని, గలగలా నవ్వింది. నేను ఆ ఆమెన్‌నీ ఆ నవ్వునీ శుభ్రంగా కోసేసి, పాత ఫైలు మీదే సేవ్ చేసి, డిస్కులో చోటు లేదని మిగతా రికార్డింగులన్నీ చెరిపేశాను. గొప్ప పనిమంతుణ్నని మురిసిపోయాను. అమ్మ విని, బాగుందిరా గానీ సివర్న ఏదో ఎలితిగా ఉంది అంది.

ఆపరేషన్ తరవాత అమ్మకు మాట గుసగుసగానే మిగిలింది, పాట మరి రాలేదు. పోయేదాకా క్వయర్‌లో అదే చోట నిలబడి పెదాలు మాత్రం కదిపేది.

ఇదంతా చెప్పి మనవరాలికి ఆ పాట వినిపించాను. కళ్లు తుడుచుకుని, "తాతమ్మ గొంతుతోనే ఆమెన్ అనిపించేస్తాను తాతయ్యా, రెండు నిమిషాల పని," అంది. చేయగలదు, నాకు అనుమానం లేదు. మా రోజుల్లో చప్పుడు తీసేయడమే గొప్ప విద్య, ఇప్పుడు లేని గొంతును పుట్టించడం కూడా పిల్లల ఆటే. కానీ వద్దన్నప్పుడల్లా అమ్మ నోట దానంతటదే వచ్చిన మాట అది, అడిగి అనిపిస్తే అది అమ్మది ఎలా అవుతుంది? వద్దమ్మా అన్నాను.

మనవరాలు పాట మళ్లీ పెట్టింది. చివరి పల్లవి అయ్యింది, నేను కోసేసిన చోట పాట టక్కున ఆగింది. నేను అనాలనుకోలేదు, నోరు దానికదే ఆమెన్ అనేసింది.