రాకెట్ సీరియల్లో సరళక్క చూసిన ప్రేమ

నిన్న నందిగామలో పాత పుస్తకాల బండి దగ్గర ముక్కిపోయిన కాగితాల వాసన తగలగానే సరళక్క గుర్తొచ్చింది. మనం ఎనిమిదో తరగతిలో ఉండగా వారపత్రికలో వచ్చిన అంతరిక్ష సీరియల్ గుర్తుందా? రాకెట్ నడిపే కెప్టెనూ, అందులో డాక్టరమ్మా?

మా పక్కింటి సరళక్క కోసం ఊరి లైబ్రేరియన్ ఆ పత్రికను ఎవరికీ ఇవ్వకుండా దాచి ఉంచేవాడు.

"తన ఆక్సిజన్ తీసి ఆవిడకిచ్చాడే! ప్రేమని వేరే చెప్పాలా?" అనేది అక్క.

"అది కెప్టెన్ డ్యూటీ అక్కా," అని నేను వాదించేదాన్ని.

"నీకు చదవడం రాదే పిచ్చిమొహమా," అని నవ్వేది.

లైబ్రేరియన్ మనసునీ ఆమె అలాగే చదివింది. ఇంట్లో కారణం చెప్పకుండానే వచ్చిన సంబంధాలన్నీ వద్దంది. ఓ సాయంత్రం అతను తన శుభలేఖ తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. పెళ్ళికూతురిది జగ్గయ్యపేట.

"మీరు తప్పకుండా రావాలండీ," అన్నాడు.

అతను వెళ్ళాక అక్క ఆ శుభలేఖ నా చేతికిచ్చింది.

"ఎప్పుడైనా ఒక్క మాటన్నాడా? లేదుగా. లేనిదంతా నేనే చదువుకున్నా," అంది.

సీరియల్ ఇంకా నడుస్తూనే ఉంది. పత్రిక నేను తెచ్చిచ్చినా అక్క తెరవలేదు. పెళ్ళీ చేసుకోలేదు. ఎవరైనా ఆప్యాయంగా పలకరిస్తే తల దించుకుని లోపలికి పోయేది. చివరికి అలాగే కన్నుమూసింది.

ఆమె పొరబడిందో, అతనే చెప్పలేకపోయాడో అడుగుదామంటే ఇప్పుడు అతనూ లేడు.